చక్రం మారిస్తే ఏమేం మారతాయి?

(స్వర్ణోత్సవ సమ్మేళనం రెండో రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1987 పదో తరగతి బ్యాచ్. ఇరవై ఎనిమిదేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పని చేస్తున్నాను. ఎవరి వృత్తిలో నలుగురికీ పనికొచ్చే సంగతి వాళ్ళు పదిహేను నిమిషాలు చెప్పాలని మన కార్యదర్శి గారు నియమం పెట్టారు. నిన్న డాక్టరు చెల్లెమ్మ షుగరు గురించి చెప్పింది. బ్యాంకు అన్నయ్య వీలునామా గురించి చెప్పారు. నాకు తెలిసింది టైరు. కాబట్టి టైరు గురించే చెబుతాను.

ఇవాళ పొద్దున మన ఆటస్థలంలో ఆపిన కార్ల మధ్య నుంచి నడిచి వచ్చాను. అలవాటు కొద్దీ నా కళ్ళు చక్రాల మీదకే పోయాయి. కొన్ని కార్లకు కంపెనీ ఇచ్చిన చక్రాలు లేవు. ఎవరివో చెప్పనులెండి. తప్పు పట్టడానికి ఈ మాట అనలేదు. కారు కొన్న ఏడాదిలోపే ఇంట్లో పిల్లలు మొదలుపెడతారు: "నాన్నా, అల్లాయ్ వేయిద్దాం, పెద్ద టైర్లు వేయిద్దాం, బండి నిండుగా ఉంటుంది" అని. మనం షాపుకి వెళ్ళి అడుగుతాం. షాపులో కుర్రాడు చక్రం పెట్టి చూసి, "పడుతుంది సార్" అంటాడు. పడుతుంది అంటే మడ్‌గార్డు లోపల ఇమిడిపోతుందని అతని ఉద్దేశం. చట్టానికి సరిపోతుంది, బండికి మంచిది అని మనం అర్థం చేసుకుంటాం. ఇమడటం వేరు, ఒప్పటం వేరు. ఈ పదిహేను నిమిషాల్లో ఆ తేడా ఒక్కటి మీ మనసులో నిలిస్తే నా పని అయినట్టే.

ముందు టైరు మీది రాత చదవడం నేర్చుకుందాం. ఒక టైరు మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 88 అనేది ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 88కి 560 కిలోలు. చివరి అక్షరం వేగానికి గుర్తు. ఎస్ అయితే గంటకు 180 కిలోమీటర్లు, టి అయితే 190, హెచ్ అయితే 210.

ఇక లెక్క. మన లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి జాగ్రత్తగా చేస్తాను. వెడల్పు 185లో 65 శాతం అంటే 120 మిల్లీమీటర్ల పైచిలుకు. గోడ పైనా ఉంది, కిందా ఉంది కాబట్టి రెండింతలు, 240.5. రిమ్ము 15 అంగుళాలు, అంగుళానికి 25.4 చొప్పున 381. రెండూ కలిపితే చక్రం మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. దాన్ని పైతో గుణిస్తే వృత్త పరిధి సుమారు 1952 మిల్లీమీటర్లు. కిలోమీటరు నడిస్తే ఈ చక్రం దాదాపు 512 సార్లు తిరుగుతుంది. బండి బరువు పడ్డాక టైరు కాస్త అణుగుతుంది, కానీ రెండు సైజులను పోల్చడానికి ఈ లెక్క చాలు. ఎనిమిదో తరగతి లెక్కే ఇది. దీనికి యాప్ అక్కర్లేదు, నాలాంటి వాడూ అక్కర్లేదు.

కంపెనీ వాళ్ళు కూడా ఈ లెక్క చేసే సైజులు ఇస్తారు. మొన్నమొన్నటి వరకు వచ్చిన మారుతి స్విఫ్ట్ తీసుకోండి. తక్కువ ధర రకానికి 165/80 ఆర్14, ఎక్కువ ధర రకానికి 185/65 ఆర్15. చూడటానికి రెండు చక్రాలకీ ఎంతో తేడా కనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటి దాని వ్యాసం 619.6, రెండో దానిది 621.5. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, గోడ ఎత్తు ఆ మేరకు తగ్గింది, మొత్తం చక్రం మాత్రం మారలేదు. రిమ్ము పెంచినా చక్రాన్ని పెంచకపోవడం ఇందులో మొదటి సూత్రం.

ఇదే బండికి "నిండుగా ఉంటుంది" అని 215/60 ఆర్16 వేశారనుకోండి. వ్యాసం 664.4 అవుతుంది. 43 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 7 శాతం పెరిగింది. ఇప్పుడు కిలోమీటరుకు చక్రం 479 సార్లే తిరుగుతుంది. స్పీడోమీటరుకు రోడ్డు కనిపించదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే దానికి తెలుసు. పాత లెక్కలో 100 అని చూపించే చోట బండి ఇప్పుడు దాదాపు 107తో పోతుంది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది దాని ప్రమాణాల్లోనే ఉన్న నియమం. అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి. ఆ కాస్త జాగాని మనం పెద్ద టైరుతో తినేస్తున్నాం. కిలోమీటర్లూ తక్కువే నమోదవుతాయి. సర్వీసు వాయిదాలు వెనక్కి పోతాయి.

బ్రేకు సంగతి ఇంకా ముఖ్యం. బ్రేకు పట్టేది చక్రం మధ్యలో, ఆగాల్సింది చక్రం అంచున. ఫిజిక్సులో చదువుకున్న తులాదండం గుర్తు తెచ్చుకోండి. చక్రం వ్యాసార్థం 7 శాతం పెరిగితే, కాలితో అదే బలం తొక్కినా రోడ్డు మీద పనిచేసే పట్టు ఆ మేరకు తగ్గుతుంది. దీనికి తోడు పెద్ద చక్రం బరువు కూడా ఎక్కువే. తొక్కేవాడికి ఈ తేడా రోజూ తెలియదు. ఎదురుగా గేదె అడ్డం వచ్చిన రోజున తెలుస్తుంది.

"అయితే వ్యాసం సమానంగా ఉంచి రిమ్మే పెద్దది చేస్తాం" అంటారు. 205/45 ఆర్17 తీసుకుందాం. వ్యాసం 616.3. కంపెనీ సైజుకి ఒక శాతం లోపే తేడా. వ్యాసం పరీక్షలో ఈ టైరు పాసైంది. కానీ గోడ ఎత్తు చూడండి. 165/80 టైరుకి గోడ 132 మిల్లీమీటర్లు, 185/65కి 120, దీనికి 92. గోతిలో పడ్డప్పుడు దెబ్బ తినాల్సింది ఆ గోడే. అది పొట్టిదైతే దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది. రిమ్ముకీ గోతి అంచుకీ మధ్య టైరు నలిగి లోపలి దారాలు తెగుతాయి. కొన్నాళ్లకు గోడ మీద బుడిపె లేస్తుంది. మన పల్లె రోడ్ల సంగతి మీకు నేను చెప్పాలా!

బరువు సంగతీ ఉంది. ఆ సైజులో మామూలు టైరుకి లోడ్ నంబరు 84. అంటే 500 కిలోలు. కంపెనీ 88 ఇచ్చిన బండికి 84 వేస్తే ఒక్కో చక్రం దగ్గర 60 కిలోల బలం పోయింది. నాలుగు చక్రాలకీ 240 కిలోలు. ఎక్స్ఎల్ అనే గట్టి రకంలో 88 దొరుకుతుంది గానీ, ఆ బరువు మోయాలంటే దానికి గాలి ఎక్కువ పట్టాలి. గాలి ఎక్కువైతే కుదుపూ ఎక్కువే. బండిలో ఒక్కడే తిరిగేవాడికి ఇవేమీ తెలియవు. పండక్కి అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, పచ్చడి జాడీలు పెట్టినప్పుడు బయటపడతాయి.

ఇంకో కొలత ఉంది, దీన్ని చాలామంది అడగరు. దాని పేరు ఆఫ్‌సెట్. రిమ్ము లోపలి వైపు "15×6జె, ఈటీ 45" లాంటి రాత ఉంటుంది. 6 అంటే రిమ్ము వెడల్పు అంగుళాల్లో. ఈటీ 45 అంటే రిమ్ము మధ్య గీత నుంచి హబ్బుకి ఆనే తలం 45 మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందని. దీని బదులు 17×7జె, ఈటీ 35 వేశారనుకోండి. వెడల్పు అంగుళం పెరిగింది కాబట్టి రెండు వైపులా 12.7 చొప్పున పెరుగుతుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం అంతా 10 బయటికి జరుగుతుంది. లోపలికి 2.7 మాత్రమే పోయింది, బయటికి దాదాపు 23 మిల్లీమీటర్లు వచ్చింది. వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు లాగుతుంది, వెనక నలుగురు కూర్చుంటే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. వానాకాలంలో బురద నీళ్ళు పక్కన పోయే మోటారు సైకిలు మనిషి మీద పడతాయి. బోల్టుల వలయం వ్యాసం, అంటే పీసీడీ, మధ్య రంధ్రం కూడా హబ్బుకి సరిగ్గా కలవాలి. పీసీడీ కలవని రిమ్ముని బోల్టులతో లాగి బిగించడం కన్నా చక్రం లేకుండా ఇంట్లో ఉండటం మేలు.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదన్నది దాని సారం. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు ఇచ్చిన మూల వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని తేల్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ చేర్చారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని అందులో ఉంది. శిక్ష యజమానికి. "పడుతుంది సార్" అన్న కుర్రాడు ఇందులో ఎక్కడా లేడు.

షాపుల్లో "3 శాతం లోపు తేడా ఉంటే లీగలే సార్" అంటారు. వ్యాసం తేడాకి ఆ 3 శాతం మా వ్యాపారంలో వాడుక లెక్క. టైరు ఎంపికలో అది పనికొస్తుంది కూడా. కానీ మోటారు వాహనాల చట్టంలో ఆ అంకె లేదు. ఇందాకటి 205/45 ఆర్17 ఆ 3 శాతంలో హాయిగా పాసవుతుంది. అయినా అది కంపెనీ ఇచ్చిన సైజు కాదు. "కారు ఆర్సీ కార్డు మీద టైరు సైజు కనిపించదు కదా, ఎవరు పట్టుకుంటారు?" అని ఇంకో వాదన. ఆ వాదన మీద పిల్లల్ని కూర్చోబెట్టి హైవే ఎక్కకండి. టైరు సైజు కూడా కంపెనీ నిర్దేశించిన వివరమే.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మన తమ్ముడు నిన్న భోజనాల దగ్గర ఇదే అడిగాడు. అక్కడ పద్ధతి వేరు. మార్పులు చేసుకునేవాళ్ళ కోసం వీఎస్‌బీ 14 అనే నియమావళి ఉంది. అందులో అంకెలు రాసి పెట్టారు. మామూలు కారుకి టైరు వ్యాసం కంపెనీ ఇచ్చిన సైజుల కన్నా 15 మిల్లీమీటర్లు మించి పెరగకూడదు, 26 మించి తగ్గకూడదు. వెడల్పుకీ, రెండు చక్రాల మధ్య దూరానికీ కూడా హద్దులున్నాయి. రాష్ట్రాన్ని బట్టి అదనపు షరతులు ఉంటాయి కాబట్టి తమ్ముడు తన రాష్ట్రం నియమం కూడా చూసుకోవాలి. ఇందాక మనం చెప్పుకున్న 215/60 ఆర్16 గుర్తుందా? 43 మిల్లీమీటర్లు పెరిగిందే, అది అంత వెసులుబాటు ఉన్న దేశంలోనూ చెల్లదు. మన దగ్గర అలాంటి పట్టిక చట్టంలో లేదు కాబట్టి, మనకున్న గట్టి నేల ఒక్కటే: కంపెనీ ఆ మోడలుకి ఇచ్చిన సైజు.

ఇదంతా ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, నా షాపుకి వచ్చిన రెండు బండ్ల సంగతి చెప్పాలి. ఒక కుర్రాడు తల్లిదండ్రుల్ని, భార్యని, పసిబిడ్డని తీసుకుని తిరుపతి బయల్దేరుతూ, స్టీరింగు ఎడమకి లాగుతోందని వచ్చాడు. ఇందాక చెప్పిన 17 అంగుళాల సైజే, లోడ్ నంబరు 84. బండి ఎత్తి చూస్తే వెనక కుడి టైరు లోపలి గోడ మీద నిమ్మకాయంత బుడిపె. బయటి నుంచి కనిపించదు. నేను అలైన్‌మెంట్ చేయనన్నాను. "మొన్ననే డెబ్భై వేలు పోశానండీ" అని కుర్రాడికి కోపం వచ్చింది. వాళ్ళ నాన్నగారు వంగి, బుడిపె మీద వేలు పెట్టి చూశారు. "ఏడుకొండలవాడు రేపు కూడా అక్కడే ఉంటాడు, పాత సైజు వేయించు" అన్నారు. ప్రయాణం ఒక రోజు ఆగింది. అంతే.

రెండో బండి క్రేను మీద వచ్చింది. హైవే మీద ముందు టైరు గోడ పగిలి డివైడరుకి కొట్టింది. ముందు సీట్లో ఉన్న పెద్దావిడకి తుంటి ఎముక విరిగింది. టైరు సైజు ఒక్కటే కారణమని నేను అనను. గోయి ఉంది, వేగం ఉంది, రాత్రి ఉంది. కానీ బీమా సర్వేయరు వచ్చి ముందుగా నాలుగు చక్రాలకీ ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు: "ఈ మార్పు సంగతి కంపెనీకి చెప్పారా?" చెప్పలేదు. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి బండి ఖర్చులో పెద్ద భాగం ఇంటివాళ్ళే పెట్టుకున్నారు. ఆ పెద్దావిడ ఇప్పటికీ వాకరుతోనే నడుస్తుంది.

కాబట్టి ఏం చేయాలి? వరసగా చెబుతాను, సావనీరులో అచ్చవుతుంది కాబట్టి రాసుకోనక్కర్లేదు.

ఒకటి. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు చట్రం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. టైరు సైజు, గాలి ఎంత పట్టాలో దాని మీద ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్ళకీ అక్కడే ఉంటుంది. ముందు అది చదవండి. అక్కడ లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో చూడండి.

రెండు. పెద్ద రిమ్ము కావాలనుకుంటే, అదే మోడలు, అదే తరం బండికి పై రకంలో కంపెనీ ఏ సైజు ఇస్తుందో చూడండి. మీ రకానికి అది వేయవచ్చా అని డీలరు సర్వీసు విభాగాన్ని అడిగి కాగితం మీద తీసుకోండి.

మూడు. లోడ్ నంబరు, వేగం అక్షరం కంపెనీ ఇచ్చినవాటికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. తక్కువ ఎప్పుడూ వద్దు. టైరు మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2009 నాటి నాణ్యతా ఉత్తర్వుతో అది తప్పనిసరి అయింది. తయారైన వారం కూడా చూడండి. నాలుగు అంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం.

నాలుగు. సోకు వద్దని నేను అనను. కంపెనీ సైజులోనే, అదే వెడల్పు, అదే ఆఫ్‌సెట్, అదే పీసీడీతో మంచి అల్లాయ్‌లు దొరుకుతాయి. బండి అందంగా ఉంటుంది, కొలతలు మారవు.

అయిదు. నాలుగూ ఒకే సైజు వేయండి. స్టెప్నీ సంగతి మరవకండి. ఒకే ఇరుసు మీద రెండు వ్యాసాలుంటే ఏబీఎస్‌కి తప్పుడు లెక్క పోతుంది, గేరు భాగాలు అరుగుతాయి.

ఆరు. బిల్లు మీద సైజు రాయించండి. ఏ మార్పు చేసినా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పాత చక్రాలు అమ్మేయకండి. కారుకి 15 ఏళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్‌కి బండిని తనిఖీకి తీసుకెళ్ళాలి, అప్పుడు అవి కావాల్సి వస్తాయి.

ఏడు. సెకండ్ హ్యాండు కారు కొనేటప్పుడు పెద్ద చక్రాలు చూసి మురిసిపోకండి. స్టిక్కరుతో పోల్చండి. తేడా ఉంటే, అసలు సైజు సెట్టు ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

ఎంత సరైన సైజు వేసినా అరిగిపోయాక అది సరైన టైరు కాదు. కారు టైరుకి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు మిగిలి ఉండాలని నియమం. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. టైరు ఆ దిమ్మెల మట్టానికి అరిగిందంటే మార్చాల్సిందే. వానలో ఆ లోతే మిమ్మల్ని నీటి మీద తేలకుండా రోడ్డు మీద నిలబెడుతుంది.

రిమ్ము మీద పెట్టే డబ్బు మీది, కారు మీది, ఇష్టం మీది. ఆ కారులో కూర్చునే అమ్మ, ఎదురొచ్చే సైకిలు మనిషి మాత్రం మీ ఇష్టాన్ని ఎంచుకోలేదు. వాళ్ళ తరఫున ఆ స్టిక్కరు మాట్లాడుతుంది. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు అర నిమిషం ఆగి, తలుపు తెరిచి, ఆ స్టిక్కరు మీది సైజునీ టైరు మీది సైజునీ పక్కపక్కన చదవండి. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే నేను భోజనాల పందిరి దగ్గరే ఉంటాను, వచ్చి అడగండి. కాగితం, కలం నా జేబులో ఉన్నాయి. లెక్క తప్పితే దిద్దడానికి మన మాస్టారు ఉన్నారు.